గ్రంథుల కథ – 7: నివురులో నిప్పు జాడ

పోయిన వారం అడిసన్ అనే వైద్యుడి దగ్గర ఆగాం. మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు పాడైపోతే మనిషి ఎలా నల్లబడి, నీరసించి, మంచం పట్టి పోతాడో 1855లో ఆయన లండన్‌లో రాసిపెట్టాడు. గ్రంథి పని మానేస్తే ఏమవుతుందో అలా తెలిసింది. అదే గ్రంథి హద్దు మీరి పని చేస్తే? ఆ రోగం 1886లో ఒక జర్మన్ వైద్యుడి చేతికి చిక్కింది. చిక్కిన సంగతి ఆయనకు తెలియలేదు.

ఫ్రైబర్గ్ ఊరి ఆసుపత్రి. 18 ఏళ్ల అమ్మాయి. ఉన్నట్టుండి గుండె దడదడలాడేది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు. ముఖం ఓసారి సున్నం కొట్టినట్టు పాలిపోయేది, ఓసారి కందిపోయేది. కాసేపటికి అంతా సర్దుకునేది. నాడి పట్టి చూసిన ఫెలిక్స్ ఫ్రెంకెల్, అది గట్టిగా బిగుతుగా కొట్టుకుంటోందని గమనించాడు. అంతకు మించి చెప్పడానికి ఆయన దగ్గర సాధనం లేదు. చేతికి పట్టీ చుట్టి పాదరసం మీద బీపీ చూసే పరికరాన్ని ఇటలీలో రివా-రొచ్చి తయారు చేసింది 1896లో, అంటే ఇంకో పదేళ్లకు. అమ్మాయి చనిపోయింది. కోసి చూస్తే రెండు వైపులా అడ్రినల్ గ్రంథుల్లో కణుతులున్నాయి. ఫ్రెంకెల్ ఆ కేసు ప్రచురిస్తూ, శీర్షికలోనే ఆ కణుతుల్ని 'పూర్తిగా గుప్తంగా' ఉండిపోయినవన్నాడు. కణుతులు ఏ లక్షణమూ చూపించలేదని, పక్కనే మూత్రపిండాల వాపు కూడా ఉందని ఆయన లెక్క. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటాం. ఇక్కడ దొంగ శవపరీక్ష బల్ల మీదే దొరికాడు, అప్పుడూ కుక్క మొరగలేదు.

ఫ్రెంకెల్‌ని చూసి నవ్వుకోవడం తేలిక. 1886 నాటికి హార్మోన్ అనే మాటే పుట్టలేదు. అది 1905లో వచ్చింది. ఒక గ్రంథి రక్తంలోకి ఏదో వదులుతుందని, దాంతో దూరాన ఉన్న గుండె గంతులేస్తుందని ఊహించడానికి ఆనాడు ఆధారమే లేదు.

ఆ ఆధారం ఉత్తర ఇంగ్లండ్‌లోని హారోగేట్ నుంచి వచ్చింది. అది ఖనిజాలున్న ఊటనీటి వైద్యానికి జనం వచ్చే ఊరు. చలికాలంలో రోగులు తక్కువ. జార్జ్ ఆలివర్ అనే డాక్టరుకు ఖాళీ దొరికినప్పుడల్లా పరికరాలు తయారు చేసే పిచ్చి. మణికట్టు దగ్గర ధమని వెడల్పు కొలిచే పరికరం ఒకటి చేసుకుని, దూడల అడ్రినల్ గ్రంథుల నుంచి తీసిన రసం ఇచ్చి ధమని ఎలా మారుతుందో చూశాడు. ఎవరి మీద చూశాడంటే, సొంత కొడుకు మీద. ఈ రోజుల్లో అయితే పక్కింటివాళ్లు పోలీసులకు ఫోన్ చేసేవాళ్లు. తర్వాత ఆ రసాన్ని జేబులో వేసుకుని లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ ఆచార్యుడు షేఫర్ దగ్గరికి వెళ్లాడు. షేఫర్ అప్పుడు ఒక కుక్క రక్తపోటు మీద ప్రయోగం ముగిస్తున్నాడు. ఇలాంటి కబుర్లు చాలా విన్నానన్న ముఖంతో, సరే చూద్దామని ఆ కుక్కకే రసం ఎక్కించాడు. గొట్టంలో పాదరసం పైకి పాకి పాకి, దాని మీద తేలుతున్న గీత గీసే ముల్లు బయటికి వచ్చేంత పని చేసింది. ఈ కథ మనకు శాస్త్రవేత్త హెన్రీ డేల్ చెప్పగా అందింది. కథలో కాస్త పోపు పడి ఉండొచ్చు గానీ ఫలితంలో లేదు. వాళ్లిద్దరి పూర్తి వ్యాసం 1895లో అచ్చయింది.

ఆ రసంలోని అసలు పదార్థాన్ని 1901 నాటికి న్యూయార్క్‌లో జపాన్ రసాయన శాస్త్రవేత్త జోకిచి తకమినే స్ఫటికాలుగా తీసి, అడ్రినలిన్ అని పేరు పెట్టాడు. నిజానికి బల్ల దగ్గర నిలబడి ఆ పని చేసిన చేతులు ఆయన సహాయకుడు ఉయెనకావి. అడ్రినల్ గ్రంథి నడిమి భాగంలోని కణాలకు క్రోమియం లవణాలు తగిలితే గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆ కణాల నుంచి పుట్టే కణితికి 1912లో బెర్లిన్‌లో లుడ్విగ్ పిక్ ఫియోక్రోమోసైటోమా అని నామకరణం చేశాడు. గ్రీకులో 'మసక రంగు కణాల గడ్డ' అని అర్థం. పేరు పలకడమే కష్టం, పట్టుకోవడం ఇంకా కష్టం. ఇకమీదట మనం కణితి అనే అనుకుందాం.

చూడండి, 1912కల్లా దారం రెండు కొసలూ చేతిలో ఉన్నాయి. బీపీని ఎగదోసే పదార్థం తెలుసు. ఆ పదార్థాన్ని తయారు చేసే కణాల నుంచి కణితి పుడుతుందనీ తెలుసు. ముడి వేసింది మాత్రం 1922లో పారిస్ వైద్యులు లబ్బే, తినెల్, దుమేర్. వచ్చి పోయే బీపీకి అడ్రినల్ కణితి కారణమని వాళ్లు చెప్పారు. 1926 ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో సెజార్ రూ ఇలాంటి కణితిని తీసేశాడు, రోగి బతికింది. అదే ఏడాది అక్టోబరులో అమెరికాలోని రోచెస్టర్‌లో ఛార్లెస్ మేయో కెనడా నుంచి వచ్చిన ఒక సన్యాసినికి కడుపు కోసి, ఇలాంటిదే తీశాడు. ఆమె కూడా కోలుకుంది. మేయో మరుసటి ఏడాది ప్రచురించిన వ్యాసం శీర్షిక చదివితే ముచ్చటేస్తుంది. అందులో అది కడుపు వెనకాల నరానికి వచ్చిన కణితి! తీసినవాడికి కూడా తను తీసిందేమిటో తెలియదన్నమాట. కత్తి పట్టక ముందే 'ఇది ఫలానా కణితి' అని చెప్పి ఆపరేషన్‌కు పంపిన ఘనత 1929లో బాల్టిమోర్ వైద్యుడు పిన్‌కాఫ్స్‌ది. కోసినవాడు షిప్లీ.

పిన్‌కాఫ్స్ చెప్పింది లక్షణాల్ని బట్టి, అనుభవాన్ని బట్టి. అందరూ పిన్‌కాఫ్స్‌లు కారు. పైగా ఈ కణితి ఒక మోసకారి. దాడి వచ్చినప్పుడు బీపీ ఆకాశాన్నంటుతుంది. డాక్టరు వచ్చేసరికి మామూలైపోతుంది. రోగి చెప్పేవి గుండె దడ, చెమటలు, తలనొప్పి, ఏదో అయిపోతుందన్న భయం. వినేవాడికి అవి 'నరాల బలహీనత'లా వినిపిస్తాయి. ఎంతమంది ఆడవాళ్లను ఆ ఒక్క మాట చెప్పి ఇంటికి పంపించేశారో! కణితి ఉన్నట్టు తెలియకుండా వేరే ఆపరేషన్‌కు మత్తు ఇస్తే బల్ల మీదే ప్రాణం పోయే ప్రమాదం. అందుకే ఒక పరీక్ష కావాలి.

వచ్చిన మొదటి ఆలోచన ఏమిటంటే, దాడి దానంతట అది వచ్చేదాకా ఎదురు చూడడం దేనికి, మనమే తెప్పిద్దాం. 1945లో మేయో క్లినిక్‌లో గ్రేస్ రాత్, వాల్టర్ క్వాలే హిస్టమిన్ పరీక్ష ప్రకటించారు. రోగిని పడుకోబెట్టి, బీపీ నిలకడగా ఉందని తేల్చుకుని, రక్తనాళంలోకి కొంచెం హిస్టమిన్ ఎక్కిస్తారు. మామూలు మనిషికి ముఖం ఎర్రబడి బీపీ కాస్త దిగుతుంది. కణితి ఉన్న మనిషికి దిగినది దిగినట్టే ఎగదన్నుకుని పైకి పోతుంది. నర్సు నిమిషానికోసారి గాలి కొట్టి అంకె చదువుతూ ఉంటుంది, రోగి చెమటలో తడిసి తల పట్టుకుని ఉంటాడు. ఆ అంకె ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. ఇంట్లో మందుగుండు ఉందో లేదో చూడ్డానికి అగ్గిపుల్ల గీసి లోపలికి విసిరినట్టు!

రెండేళ్లకు న్యూయార్క్‌లో గోల్డెన్‌బర్గ్ బృందం తిరగేసిన పరీక్ష తెచ్చింది. అడ్రినలిన్ పనిని అడ్డుకునే మందు ఇచ్చి, ఎక్కి ఉన్న బీపీ దిగుతుందేమో చూడడం. తర్వాత ఫెంటోలమిన్ అనే మందుతో ఇదే పద్ధతి చాలాకాలం నడిచింది. ఇందులో భయం అటు నుంచి ఇటు మారింది. బీపీ పాతాళానికి దిగి ప్రాణం మీదికొచ్చిన సందర్భాలున్నాయి. పైగా ఈ పరీక్షలు అబద్ధాలు కూడా చెప్పేవి. కణితి లేనివాడికి ఉందనేవి, ఉన్నవాడికి లేదనేవి. ఇవి పరీక్షలు అనడం కంటే పందేలు అనడం సబబు.

ఇక మూత్రం దగ్గరికి వద్దాం. మన కథ అసలు అక్కడే మలుపు తిరుగుతుంది.

స్టాక్‌హోమ్‌లో ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్ 1946లో ఒక సంగతి తేల్చాడు. నరాల చివర్ల నుంచి ఊరే పదార్థం అడ్రినలిన్ కాదు, దాని అన్న నార్‌అడ్రినలిన్ అని. అన్న అని ఎందుకన్నానంటే శరీరం ముందు నార్‌అడ్రినలిన్ చేసి, దానికి ఇంకో చిన్న ముక్క తగిలించి అడ్రినలిన్ చేస్తుంది. 1949లో ఈ కణుతుల్లో నార్‌అడ్రినలిన్ కూడా పోగుపడి ఉంటుందని తెలిసింది. ఆ వెంటనే, 1950లో, ఎంగెల్‌తో కలిసి ఫాన్ ఆయిలర్ లాన్సెట్ పత్రికలో రాశాడు. ఈ కణితి ఉన్నవాళ్ల మూత్రంలో ఈ రెండూ ఎక్కువగా పోతున్నాయి, కాబట్టి మూత్రం చూసి రోగం చెప్పొచ్చు. రోగికి ఏమీ ఎక్కించనక్కర్లేదు, భయపెట్టనక్కర్లేదు. సీసా ఇస్తే చాలు.

కొలవడం ఎలా? అప్పటికి యంత్రం లేదు. మూత్రం నుంచి తీసిన సారాన్ని ఒక పిల్లి రక్తనాళంలోకి ఎక్కించి బీపీ ఎంత పెరిగిందో చూడడం ఒకటి. కోడి పేగు చివర ఉండే ముక్కను ఉప్పునీళ్లలో వేలాడదీసి, ఆ సారం తగిలినప్పుడు ఎంత వదులవుతుందో చూడడం రెండోది. కోడి పేగు అడ్రినలిన్‌కు బాగా లొంగుతుంది, నార్‌అడ్రినలిన్‌కు అంతగా లొంగదు. రెండు కొలతల్నీ పక్కపక్కన పెట్టుకుంటే ఏది ఎంతో లెక్క కట్టొచ్చు. రోగి ప్రాణం మీద తీర్పు ఒక పిల్లీ, ఒక కోడీ కలిసి చెప్పాలన్నమాట. 1950ల నడుమ ఫాన్ ఆయిలరే దీన్నుంచి బయటపడేశాడు. అడ్రినలిన్‌ను రసాయనాలతో మారిస్తే ఒక తరహా వెలుగు కింద పసుపు పచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపు ఎంతుందో కొలిస్తే పదార్థం ఎంతుందో తెలుస్తుంది.

రంగు చూసి రక్తమూత్రాల్లో పదార్థాల్ని కొలిచే విద్య అప్పటికే బాగా నలిగినది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి తెచ్చింది ఈ దారిలోనే. నీలిరంగు ఎంత చిక్కగా వస్తే అంత భాస్వరం. అక్కడ పదార్థం కొల్లలుగా ఉంటుంది. అడ్రినలిన్‌తో చిక్కేమిటంటే, రోజంతా పోగు చేసిన మూత్రంలో ఉండేది మహా అయితే ఇరవై మైక్రోగ్రాములు. గ్రామును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఇరవై. పైగా గాలి తగిలితే పాడవుతుంది, మూత్రం క్షారంగా మారితే చెడిపోతుంది. అందుకే మూత్రం పట్టే క్యాన్‌లో ముందే కాస్త యాసిడ్ పోస్తారు. ఒక్క గంట మూత్రం చాలదు. దాడి ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి రోజంతా పట్టాలి.

ఈ 24 గంటల మూత్రం వ్యవహారం ఇప్పటికీ నడుస్తోంది. మా మేనమామ విజయవాడలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఓసారి బీపీ మాటిమాటికీ ఎగుడుదిగుడవుతోందని డాక్టరు ఈ పరీక్ష రాశాడు. ల్యాబు కుర్రాడు క్యాన్ తెచ్చి అరుగు మీద పెట్టి పాఠం మొదలెట్టాడు.

"మాస్టారూ, రేపు పొద్దున ఏడింటికి లేచి పోసింది పారబోసెయ్యండి. అప్పట్నుంచి ఎల్లుండి ఏడింటి దాకా చుక్క బయటికి పోకూడదు. ఎల్లుండి ఏడింటిది మాత్రం ఇందులోకే రావాలి."

"అదేం లెక్కరా అబ్బాయ్? మొదటిది వద్దు, చివరిది కావాలా?"

"ఏడింటికి లోపలి సంచీ ఖాళీ అవ్వాలి సార్. అక్కణ్ణుంచే మన గడియారం."

మామయ్యకు ఆ జవాబు నచ్చింది. రెండు అంకెల మధ్య దూరం కావాలంటే సున్నా ఎక్కడో తేల్చుకోవాలి కదా. కుర్రాడు వెళ్తూ వెళ్తూ, "అడుగున యాసిడ్ ఉంది, నేరుగా అందులోకి పొయ్యకండి, మగ్గులో పట్టి పొయ్యండి" అని హెచ్చరించాడు. క్యాన్ చల్లగా ఉంచమన్నాడని మామయ్య ఫ్రిజ్ తలుపు తెరిస్తే అత్తయ్య అడ్డంగా నిలబడింది. పచ్చళ్లు, పాలు ఉన్న చోట ఆ క్యానా! చివరికి బకెట్లో ఐస్ ముక్కలు పోసి స్నానాల గదిలో మూల పెట్టారు. ఆ రోజు పెళ్లికి వెళ్లడం మానేసి ఆయన బకెట్‌కు కాపలా కాశాడు. రిపోర్టులో ఏమీ లేదు. ఆయనది మామూలు బీపీయే. నాకు మాత్రం అప్పుడే అర్థమైంది, ఈ పరీక్షలో సగం రసాయన శాస్త్రం, సగం ఇంట్లోవాళ్ల ఓపిక.

మళ్లీ 1957కు. యూటా రాష్ట్రం సాల్ట్‌లేక్ సిటీలో మార్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం మూత్రంలోని ఆమ్లాల్ని కాగితం మీద విడదీసి చూస్తోంది. ఈ కణితి ఉన్న రోగుల మూత్రంలో వాళ్లకు ఒక ఆమ్లం కుప్పలుగా కనిపించింది. దాని పొడుగాటి పేరును కుదించి వీఎంఏ అంటారు. అది అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్‌లు శరీరంలో కాలిపోయాక మిగిలే నివురు. నిప్పు మైక్రోగ్రాముల్లో దొరికితే నివురు మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. వందల రెట్లు ఎక్కువ! పైగా గట్టిది, తొందరగా చెడదు.

ఆ పరిశోధన సారాంశం నాలుగు ముక్కల్లో ఒక పత్రికలో అచ్చయింది. బెథెస్డాలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేస్తున్న జూలియస్ ఆక్సెల్‌రాడ్ కంట పడింది.

ఆక్సెల్‌రాడ్ గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. న్యూయార్క్‌లో పేద యూదు కుటుంబం. డాక్టరు చదువుదామంటే ఏ మెడికల్ కాలేజీ సీటివ్వలేదు. ఆహారంలో విటమిన్లు పరీక్షించే ల్యాబులో టెక్నీషియన్‌గా చేరి పదేళ్లకు పైగా గడిపాడు. అక్కడే అమ్మోనియా సీసా పేలి ఎడమ కన్ను పోయింది. 1946లో బ్రోడీ అనే శాస్త్రవేత్త దగ్గర చేరాక ఇద్దరూ కలిసి ఒక పాత నొప్పి మందు కొందరికి రక్తం ఎందుకు పాడుచేస్తోందో వెతికారు. ఆ మందు శరీరంలోకి పోయాక వేరే పదార్థంగా మారుతోందని, నొప్పి తగ్గించేది ఆ రెండోదేనని 1948లో చెప్పారు. ఆ రెండోదాన్ని ఈ రోజు మనం పారాసెటమాల్ అంటున్నాం. పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చేసరికి ఆక్సెల్‌రాడ్‌కు 43 ఏళ్లు.

మందు లోపలికి పోయి ఏమవుతుందన్న ప్రశ్న చుట్టూ తిరిగిన బుర్ర అది. వీఎంఏ అణువులో ఒక చోట మిథైల్ గుంపు అతుక్కుని ఉంది. అడ్రినలిన్‌లో అది లేదు. అంటే మధ్యలో ఎవరో అతికించారు. ఎవరు? అదే రోజు మధ్యాహ్నం కాలేయం సారం తీసుకుని, అందులో అడ్రినలిన్‌ను, మిథైల్ గుంపును మోసుకొచ్చే పదార్థాన్ని కలిపాడు. అడ్రినలిన్ మాయమైంది. అతికించేది ఒక ఎంజైమ్. దాన్ని కామ్ట్ అని పొడి అక్షరాల్లో పిలుస్తారు. అది అడ్రినలిన్‌ను మార్చి చేసేదానికి మెటానెఫ్రిన్ అని, నార్‌అడ్రినలిన్‌ను మార్చి చేసేదానికి నార్‌మెటానెఫ్రిన్ అని పేర్లు పెట్టారు. పూర్తిగా కాలితే వీఎంఏ. సగం కాలిన బొగ్గు మెటానెఫ్రిన్. 1970లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆక్సెల్‌రాడ్, ఫాన్ ఆయిలర్ ఇద్దరూ ఉన్నారు. మూడోవాడు బెర్నార్డ్ కాట్జ్. మూత్రం సీసా దగ్గర మొదలైన దారులు స్టాక్‌హోమ్ వేదిక మీద కలిశాయి.

ఆసుపత్రులు మాత్రం బొగ్గు కంటే బూడిదనే ఎక్కువ పట్టుకున్నాయి. వీఎంఏ కొలవడం తేలిక, చవక. ఒక పద్ధతిలో దాన్ని రసాయనంతో విరగ్గొట్టి వెనిలిన్‌గా మార్చేవాళ్లు. అవును, ఐస్‌క్రీమ్‌లో వాసనకు వేసే వెనిలిన్. ఇబ్బందీ అక్కడే వచ్చింది. కొన్ని తిండి పదార్థాలు ఆ రోజుల్లోని పరీక్షల్ని తికమక పెట్టేవి. కాబట్టి మూత్రం పట్టడానికి ముందు రోజుల్లో కాఫీ, చాక్లెట్, అరటిపండు, వెనిలా వేసిన మిఠాయి ఏవీ ముట్టుకోవద్దని రోగికి కాగితం మీద రాసిచ్చేవాళ్లు. ఆ జాబితా ఇవాళ్టికీ కొన్ని ల్యాబుల గోడల మీద వేలాడుతోంది. పద్ధతి మారిపోయి ఎన్నేళ్లయినా అరటిపండు శిక్ష అనుభవిస్తూనే ఉంది.

అంతకంటే పెద్ద లోపం ఇంకొకటుంది. వీఎంఏలో ఎక్కువ భాగం కణితి నుంచి వచ్చేది కాదు. శరీరంలో ఉన్న కోట్ల నరాల చివర్లన్నీ రోజూ తయారు చేసే మామూలు నివురది. చిన్న కణితి దాని కింద కప్పబడిపోతుంది.

1969లో అమెరికా మాజీ అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ పోయినప్పుడు శవపరీక్షలో ఆయన అడ్రినల్ గ్రంథిలో ఒకటిన్నర సెంటీమీటర్ల కణితి కనిపించింది. ఆయనకు ఏళ్ల తరబడి బీపీ ఉంది. 1955లో పదవిలో ఉండగానే గుండెపోటు వచ్చింది. ఆ జబ్బుల్లో కణితి వాటా ఎంతో చెప్పలేం. లోకంలో అంతకంటే ఎక్కువ మంది డాక్టర్లు చుట్టూ ఉన్న మనిషి మరొకడు ఉండడు. అయినా ఫ్రైబర్గ్ అమ్మాయిలాగే, కోశాకే తెలిసింది.

1970లు, 80లు గబగబా దాటేద్దాం. రక్తంలోనే అడ్రినలిన్ కొలిచే పద్ధతులొచ్చాయి. ఆక్సెల్‌రాడ్ కనిపెట్టిన ఎంజైమే అందులో పనిముట్టయింది; అది అడ్రినలిన్‌కు రేడియోధార్మిక మిథైల్ గుంపును అతికిస్తే, ఆ గుర్తును లెక్కపెట్టేవాళ్లు. అయితే సూది చూస్తేనే ఎవరికైనా అడ్రినలిన్ ఎక్కుతుంది. భయం వల్ల పెరిగిందో, కణితి వల్ల పెరిగిందో ఎలా చెప్పడం? 1981లో క్లీవ్‌లాండ్‌లో ఎమ్మాన్యుయెల్ బ్రావో తెలివైన మార్గం చూపించాడు. క్లోనిడిన్ అనే మాత్ర మెదడును నెమ్మదింపజేస్తుంది. మెదడు మాట వినే నరాలు వెనక్కి తగ్గుతాయి, రక్తంలో అంకె దిగుతుంది. కణితి ఎవరి మాటా వినదు, అంకె దిగదు. అదే ఏడాది మిషిగన్‌లో కణితిని ఫొటోలో పట్టే రేడియోధార్మిక మందు వచ్చింది. సీటీ స్కాన్లు అప్పటికే ఉన్నాయి. కానీ ముందు రక్తమో మూత్రమో చెబితేనే ఎక్కడుందో వెతకాలి. లేకపోతే స్కాన్‌లో కనిపించే ప్రతి గడ్డకూ కత్తి పట్టాలి.

ఇప్పుడు అసలు చిక్కుముడి. 1886 నుంచి 1980ల దాకా అందరూ వెతికింది తుఫానును. అడ్రినలిన్ ఎగజిమ్మే ఆ ఘడియను. కణితి ఆ సమయంలో నిద్రపోతుంటే పరీక్ష ఏమీ లేదనేస్తుంది. హాలండ్ వైద్యుడు జాక్ లెండర్స్, జాతీయ ఆరోగ్య సంస్థలో గ్రేమ్ ఐజెన్‌హోఫర్, వాళ్ల మిత్రులు 1990ల్లో రక్తంలో స్వేచ్ఛగా తిరిగే మెటానెఫ్రిన్లను కొలవడం మొదలుపెట్టారు. అప్పుడు తేలిందేమిటంటే, కణితి కణంలో అడ్రినలిన్ చిన్న చిన్న సంచుల్లో దాచి ఉంటుంది. ఆ సంచులు ఎంతో కొంత కారుతూనే ఉంటాయి. కణం లోపలే కామ్ట్ ఎంజైమ్ కాచుకుని ఉంది, కారినదాన్ని కారినట్టే మెటానెఫ్రిన్‌గా మార్చేస్తుంది. మెటానెఫ్రిన్ సంచుల్లో నిలవదు, రక్తంలోకి జారిపోతుంది. తుఫాను వచ్చినా రాకపోయినా, పగలూ రాత్రీ, కుండకు సన్నని చిల్లు పడ్డట్టు. మామూలు నరాల చివర్లలో ఈ ఎంజైమ్ లేదు, కాబట్టి అక్కడి నుంచి ఈ కారుడు లేదు. నివురు కూడా కాదు, నిప్పు పక్కనే పడున్న బొగ్గు దొరికింది.

నాకు ఆశ్చర్యం వేసే విషయం, మెటానెఫ్రిన్ 1957 నుంచీ అందరికీ తెలుసు. మూత్రంలో అన్నిటినీ కలిపి కొలిచే పద్ధతి 1960 నుంచే ఉంది. రక్తంలో కొలవడానికి, అడ్రినలిన్‌ది వేరుగా నార్‌అడ్రినలిన్‌ది వేరుగా చూడడానికి తగినంత సూక్ష్మమైన యంత్రాలు లేకపోయాయి. ఉన్నాక కూడా, హార్మోన్‌ను వదిలేసి దాని తుక్కును నమ్మమంటే మనసొప్పుకోవద్దూ!

2002లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో లెండర్స్ బృందం అన్ని పరీక్షల్నీ ఒకే తక్కెడలో తూచింది. కణితి ఉన్నవాళ్లు 214 మంది, లేనివాళ్లు 644 మంది. కణితి ఉన్న ప్రతి 100 మందిలో రక్తంలోని మెటానెఫ్రిన్లు 99 మందిని పట్టాయి. మూత్రంలో విడివిడిగా కొలిచిన మెటానెఫ్రిన్లు 97 మందిని. మూత్రంలో అడ్రినలిన్ జంట 86 మందిని, రక్తంలో అదే జంట 84 మందిని. నలభై ఏళ్లుగా లోకమంతా నమ్ముకున్న వీఎంఏ 64 మందిని. ముగ్గురిలో ఒకరిని 'నీకేం లేదు పొమ్మ'ని పంపించేసిందన్నమాట.

అయితే ఇందులో ఓ తిరకాసుంది. కణితి లేని 100 మందిలో రక్త పరీక్ష 11 మందిని అనవసరంగా అనుమానించింది. వీఎంఏ అనుమానించింది అయిదుగురినే. బీపీ ఉన్న 1,000 మందిలో ఈ కణితి ఉండేది ఇద్దరికో, ఆరుగురికో. అయిదుగురనుకుందాం. వెయ్యి మందికీ రక్త పరీక్ష చేస్తే ఆ అయిదుగురూ దొరుకుతారు, వాళ్లతోపాటు ఏ పాపమూ తెలియని ఇంకో 109 మంది కూడా. వాళ్లందరికీ స్కాన్లు, నిద్ర లేని రాత్రులు. అందుకే బీపీ ఉంది కదా అని అందరికీ రాసే పరీక్ష కాదిది. దడ, చెమట, తలనొప్పి కలిసి వచ్చేవాళ్లకు, మందులకు లొంగని బీపీ ఉన్నవాళ్లకు, వేరే దేనికో తీసిన స్కాన్‌లో అడ్రినల్ గడ్డ కనబడ్డవాళ్లకు, కుటుంబంలో ఈ చరిత్ర ఉన్నవాళ్లకు.

అంకె తప్పుగా ఎక్కడానికి కూర్చోవడం కూడా ఒక కారణం. నిలబడినా కూర్చున్నా నరాలు నార్‌అడ్రినలిన్ వదులుతాయి. కాబట్టి రోగిని పడుకోబెట్టి, 20 నుంచి 30 నిమిషాలు ఆగి, అప్పుడు రక్తం తీయాలి. 2014లో ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాలు కూడా పడుకోబెట్టే తీయమన్నాయి. ల్యాబు కుర్చీలో కూర్చోబెట్టి గబుక్కున సూది గుచ్చి ఇచ్చిన రిపోర్టులో అంకె కొంచెం ఎక్కువుంటే కంగారు పడకండి, రక్తం ఎలా ఇచ్చారో ముందు గుర్తు చేసుకోండి.

కొన్ని మందులు కూడా ఈ పరీక్షను పక్కదారి పట్టిస్తాయి. కొన్ని యంత్రాల మీద నార్‌మెటానెఫ్రిన్ గీతలోకి చొరబడి అంకె పెంచేది ఏదనుకున్నారు? పారాసెటమాల్. తలనొప్పి ఈ రోగానికి ముఖ్య లక్షణం, తలనొప్పికి జనం వేసుకునేది అదే. ఆ మాత్ర వెనకా, నార్‌మెటానెఫ్రిన్ వెనకా ఉన్నది ఆ ఒంటికన్ను టెక్నీషియనే. ఈ మధ్య వచ్చిన మాస్ స్పెక్ట్రోమీటర్లు అణువును బరువు తూచి గుర్తుపడతాయి కాబట్టి ఈ తగువు చాలావరకు తీరింది.

ఈ పరీక్షకు ఇప్పుడు మరో పనీ వచ్చింది. ఈ కణుతుల్లో దాదాపు మూడో వంతు వంశపారంపర్యంగా వస్తాయి. అలాంటి కుటుంబాల్లో పిల్లలకు ఏ దడా లేకుండానే, ఏడాదికోసారి మెటానెఫ్రిన్లు చూసి, కణితి చిటికెన వేలి గోరంత ఉన్నప్పుడే పట్టుకుంటున్నారు.

2007లో ఫ్రైబర్గ్‌లోనే పనిచేస్తున్న హార్ట్‌ముట్ నాయిమన్ బృందం 1886 నాటి కేసు కాగితాలు తిరగేసింది. ఆ 18 ఏళ్ల అమ్మాయి కుటుంబం వంశవృక్షం పట్టుకుని, బతికున్న బంధువుల దాకా వచ్చింది. వాళ్లలో నలుగురికి రెట్ అనే జన్యువులో మార్పు కనిపించింది. అడ్రినల్, థైరాయిడ్ రెండింటిలోనూ కణుతులు తెచ్చే మార్పు అది. ఫ్రెంకెల్ 'పూర్తిగా గుప్తంగా' అన్న కణుతుల పేరు 121 ఏళ్ల తర్వాత ఆ ఊళ్లోనే, ఆమె బంధువుల రక్తంలో చదివారు.

(వచ్చే వారం: ఆన్ ఆర్బర్‌లో 1955. పొటాషియం పడిపోయి కాళ్లు చచ్చుబడిన ఒక రోగి, జెరోమ్ కాన్ అనే డాక్టరు, గ్రంథి పైపొరలో ఇంకో రకం కణితి.)